అడ్వాన్స్ కట్టకముందే: మీ చేతి పనినీ, మీ ఐడియానీ ఎలా తూకం వేసుకోవాలి

"సార్, ఇప్పుడు ఏ బిజినెస్ బాగా నడుస్తోంది?" కొత్తగా వ్యాపారం పెడదామనుకునేవాళ్లు నా ఎదురుగా కూర్చోగానే అడిగే మొదటి మాట ఇదే. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఒకే వీధిలో కర్రీ పాయింట్ నడిపి ఇల్లు కట్టినవాళ్లూ ఉంటారు, ఆరు నెలలకే గిన్నెలు సగం ధరకు అమ్ముకుని పోయినవాళ్లూ ఉంటారు. అందుకే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: "షాపుకు అడ్వాన్స్ ఇచ్చేశారా?" ఇంకా లేదంటే హమ్మయ్య అనుకుంటాను. ఇచ్చేసినవాళ్లకు లెక్కలు చెబితే చెవికెక్కవు, వాళ్లకు కావాల్సింది ఓపెనింగ్‌కు మంచి ముహూర్తం.

కింద చెప్పేది మొత్తం కలిపి నెల రోజుల పని. ఒక నోటుబుక్కు, తూకం మిషను, అయిదు వేల రూపాయలు ఉంటే చాలు. ఉదాహరణకు కర్రీ పాయింట్‌నే తీసుకుంటున్నాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే పది మందిలో ముగ్గురు నలుగురు దాని గురించే అడుగుతారు. మీది మగ్గం వర్క్ అయినా, మొబైల్ రిపేరు అయినా పద్ధతి ఇదే.

1. ముందు పది నిమిషాల ఆట ఆడండి

సగం నీళ్లు పోసిన సీసా ఒకటి నేల మీద పెట్టండి. దాని నుంచి అడుగుకో గీత చొప్పున పది అడుగుల దాకా సుద్దముక్కతో గీయండి. న్యూస్‌పేపర్ మెలిపెట్టి టేపు చుట్టి అయిదు రింగులు చేసుకోండి. ఎక్కడ నిలబడి విసరాలో మీ ఇష్టం. రెండో గీత దగ్గర నిలబడి సీసాకు రింగు వేస్తే రెండు పాయింట్లు, ఎనిమిదో గీత నుంచి వేస్తే ఎనిమిది. అయిదు రింగులు విసిరితే ఒక రౌండు, మొత్తం మూడు రౌండ్లు. ప్రతి రౌండుకు ముందు "నాకు ఇన్ని పాయింట్లు వస్తాయి" అని కాగితం మీద రాయాలి. అది మర్చిపోవద్దు, ఆటలో అసలు సంగతి అదే.

పిల్లలాటలా ఉంది కదా. దీని వెనక మన ఊళ్ల కథే ఒకటుంది. హార్వర్డ్ ప్రొఫెసర్ డేవిడ్ మెక్‌క్లెలాండ్ రింగులాట మీద పరిశోధన చేసిన మనిషి. సాధించాలన్న పట్టుదల ఉన్నవాళ్లు మరీ దగ్గరా కాకుండా, మరీ దూరమూ కాకుండా, కష్టపడితే పడుతుందనిపించే చోట నిలబడతారని ఆయన గమనించారు. ఆ పట్టుదల పుట్టుకతోనే రావాలా, నేర్పితే వస్తుందా? అది తేల్చుకోవడానికి 1964లో ఆయన ఎంచుకున్న ఊరు కాకినాడ. అక్కడి వ్యాపారులకు హైదరాబాద్‌లోని సియెట్ అనే చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో శిక్షణ ఇచ్చారు. యూసుఫ్‌గూడలో ఇప్పుడు ని-ఎంఎస్‌ఎంఈ అని బోర్డున్న సంస్థ అదే. శిక్షణ పొందినవాళ్లు ఆ తర్వాత కొత్త పనులు మొదలుపెట్టడంలో, పెట్టుబడి పెట్టడంలో మిగతావాళ్లకంటే చురుగ్గా ఉన్నారని తేలింది. ఈ రోజుకీ ఔత్సాహిక వ్యాపారుల శిక్షణల్లో రింగులు కనిపిస్తే అందుకే.

అయితే ఎక్కడ నిలబడ్డారన్న దానికంటే నేను మూడు వేరే సంగతులు చూస్తాను. ఒకటి, రాసుకున్న పాయింట్లకూ వచ్చినవాటికీ ఎంత తేడా ఉంది. మొదటి రౌండులో ఇరవై రాసుకుని నాలుగు తెచ్చుకున్న మనిషి రేపు "రోజుకు రెండొందల ప్యాకెట్లు అమ్ముతా" అన్నప్పుడు ఆ తేడా నాకు గుర్తొస్తుంది. రెండు, రెండో రౌండుకు అంచనా తగ్గించారా, ఒక గీత ముందుకు జరిగారా, లేక అక్కడే మొండిగా నిలబడి ఇంకాస్త గట్టిగా విసిరారా. మూడు, పడనప్పుడు ఏమన్నారు. "ఫ్యాన్ గాలికి పోయింది", "రింగు సరిగ్గా లేదు" అనేవాళ్లు షాపు దెబ్బతిన్నా ఇలాంటి మాటే అంటారు.

ఇదంతా చదివాక మీరు ఆడితే కొంచెం దొంగాట అవుతుంది. అందుకని ఇది చదవని మీ పార్ట్‌నర్‌తో ఆడించండి. ఆ మనిషితో డబ్బు కలపొచ్చో లేదో ఎంతో కొంత తెలుస్తుంది.

2. "నాకు వచ్చు" అనే ప్రతిదానికీ రుజువు రాయండి

నోటుబుక్కులో పేజీని నిలువుగా రెండు చేయండి. ఎడమ వైపు మీకు వచ్చిన పనులు, కుడి వైపు దానికి రుజువు. "వంట బాగా చేస్తాను" అని రాస్తే కుడి వైపు "చుట్టాలంతా మెచ్చుకుంటారు" అని రాయకూడదు. మీ ఇంట్లో తిని బాగోలేదని ఏ చుట్టం అంటారు? "మరిది పెళ్లిచూపుల రోజు నలభై మందికి ఒక్కదాన్నే వండాను, పదకొండున్నరకల్లా అయిపోయింది" అని ఉండాలి. నలుగురికి వండే చేతికీ నలభై మందికి వండే చేతికీ చాలా దూరం. ఉప్పు కొలత మారుతుంది, మంట మారుతుంది, నడుం నొప్పి మారుతుంది.

రాయాల్సినవి వంట లాంటి చేతి పనులొక్కటే కాదు. లెక్క వచ్చా? పోయిన నెల ఇంటి ఖర్చు రాసి పెట్టిన కాగితం చూపించగలిగితే వచ్చినట్టు. పొద్దున్నే లేవగలరా? రైతు బజారుకు అయిదింటికి వెళ్లి, పది రోజులు వరసగా, కూరగాయల ధరలు రాసుకురండి. పదకొండో రోజు మీకే తెలుస్తుంది. ఇంట్లో వాళ్లు నిలబడతారా? సాయంత్రం ఏడు నుంచి పది దాకా మీరు షాపులో ఉంటే పిల్లలకు అన్నం పెట్టేది ఎవరో పేరు రాయండి. "చూసుకుంటారులే" అన్నది పేరు కాదు.

ఈ పట్టికలో అందరికీ ఖాళీగా మిగిలే గడి ఒకటుంది: డబ్బు అడగడం. పని బ్రహ్మాండంగా చేస్తారు, బిల్లు దగ్గరికొచ్చేసరికి "మీ ఇష్టం అన్నా, ఎంతిస్తే అంత" అంటారు. దానికి నేనిచ్చే పరీక్ష చిన్నదే. మీకు ఎవరో ఒకరు బాకీ ఉంటారు కదా, అయిదొందలో, వెయ్యో. ఈ వారంలో వెళ్లి గొడవ లేకుండా, నవ్వుతూ అడిగి తీసుకురండి. చాలామంది ఈ పరీక్షను వాయిదా వేస్తూనే ఉంటారు. వాయిదా వేశారంటే మీరు అరువు వ్యాపారం పెట్టకూడదని అర్థం. కౌంటర్ దగ్గర క్యూఆర్ కోడ్ పెట్టి ముందు డబ్బు, తర్వాత సరుకు అనే పద్ధతి పెట్టుకోండి.

ఖాళీ గడులు ఉన్నాయని దిగులు పడక్కర్లేదు. నేర్చుకోవచ్చు, జీతమిచ్చి మనిషిని పెట్టుకోవచ్చు, ఆ పని వచ్చినవాళ్లను కలుపుకోవచ్చు. నేర్చుకోవాలంటే జిల్లాల్లో ఆర్‌సెటీలు, అంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉన్నాయి. బ్యాంకులు నడిపే ఈ కేంద్రాల్లో పల్లెల యువతకు శిక్షణ, భోజనం, వసతి ఉచితం. 1982లో కర్ణాటకలో ధర్మస్థల దగ్గరి ఉజిరెలో మొదలైన రుడ్‌సెటీ వీటికి నమూనా. మీ జిల్లాది ఎక్కడుందో లీడ్ బ్యాంకు (జిల్లాలో బ్యాంకులన్నిటినీ సమన్వయం చేసే బ్యాంకు) వాళ్లను అడిగితే చెబుతారు.

3. ఐడియాను ఒక్క వాక్యంలో రాయండి

"మంచి రుచికరమైన ఇంటి భోజనం అందరికీ అందించాలని" అని రాసుకొచ్చినవాళ్లను నేను వెనక్కి పంపుతాను. అది ఫ్లెక్సీ మీద రాసుకునే మాట. ఎవరికి, ఏమిటి, ఎప్పుడు, ఎంతకు అన్న నాలుగూ ఉండాలి. ఇలా: "మా సందు చివర నాలుగు హాస్టళ్లూ, గదులూ ఉన్నాయి, అన్నం కుక్కర్‌లో తామే పెట్టుకుని కూర మాత్రం బయట కొనే కుర్రాళ్లకు, రాత్రి ఏడు నుంచి తొమ్మిదిన్నర లోపు, 30 రూపాయలకు ఒక వేపుడు ప్యాకెట్." ఇంతే. ఇందులో ఏ ముక్క రాయలేకపోతే ఆ ముక్క గురించి మీకు తెలియదన్నమాట. దాన్ని తెలుసుకోవడమే తర్వాతి పని.

4. వీధిలో నిలబడి లెక్కపెట్టండి

మీరు పెట్టాలనుకున్న చోటికి దగ్గర్లో ఇప్పటికే ఒక కర్రీ పాయింట్ ఉంటుంది. దాని ఎదుట టీ కొట్టు ఉంటే ఇంకా మంచిది. మూడు సాయంత్రాలు కూర్చోండి: ఒక మామూలు రోజు, ఒక శనివారం, ఒక ఆదివారం. అర్ధగంటకు ఎంతమంది వచ్చారో గీతలు గీయండి. ఎన్ని ప్యాకెట్లు పట్టుకెళ్లారు, ఎనిమిదింటికి ఏ గిన్నె ఖాళీ అయింది, షట్టర్ దించేటప్పుడు ఏ గిన్నెలో మిగిలింది, మిగిలింది ఏం చేశారు. ఆ చివరి ప్రశ్నకు జవాబు చూడ్డానికైనా పది దాకా కూర్చోండి.

తర్వాత కొనేవాళ్లతో మాట్లాడండి. "నేను పెడితే మీరు కొంటారా?" అని మాత్రం అడగొద్దు. మనవాళ్లకు మొహమాటం ఎక్కువ, "తప్పకుండా అక్కా" అంటారు, అటు మొహం కూడా పెట్టరు. జరిగిపోయిన దాని గురించి అడగండి. నిన్న రాత్రి ఏం తిన్నావు బాబూ? ఎక్కడ కొన్నావు? ఎంతిచ్చావు? పోయిన వారం ఎన్నిసార్లు కొన్నావు, ఎన్నిసార్లు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టావు? ఇరవై మందిని అడిగితే ఒక దారి కనిపిస్తుంది.

లెక్క ఏ నెలలో పెట్టారన్నది కూడా రాసుకోండి. ఈ పాఠం నేను డబ్బు కట్టి నేర్చుకున్నాను. ఒకప్పుడు ఒక కాలేజీ ఎదుట జిరాక్స్ షాపు పెట్టాను. మార్చిలో వెళ్లి చూస్తే పక్క షాపు ముందు తిరనాళ్లలా జనం. హాల్‌టికెట్లు, నోట్సులు, రికార్డులు. గంటకు ఇంత, రోజుకు ఇంత అని గుణించుకుని, అప్పు చేసి మిషను తెచ్చి మే నెలలో తెరిచాను. సెలవులు. కాలేజీ గేటుకు తాళం. జూలై దాకా అద్దె కట్టింది నేనే, జిరాక్సులు తీసుకుంది కూడా ఎక్కువగా నేనే. కర్రీ పాయింట్‌కూ ఇలాంటి నెలలుంటాయి. సంక్రాంతికి హైదరాబాద్ హాస్టళ్లు ఖాళీ అవుతాయి. కార్తీక మాసం, అయ్యప్ప దీక్షలు వస్తే చికెన్ కూర మిగిలిపోతుంది, పప్పు సరిపోదు. మీ వ్యాపారంలో డల్ నెలలేవో ఆ పని చేసేవాళ్లను అడిగి నోటుబుక్కులో మొదటి పేజీలో రాయండి.

5. ఒక్క ప్యాకెట్ లెక్క చివరి దాకా వేయండి

ఇక్కడ తొందరపడొద్దు. దొండకాయ వేపుడు తీసుకుందాం. నేను వేసే ధరలు లెక్క చూపించడానికే, మీ ఊరి ధరలు మీరు వేసుకోండి.

అయిదు కిలోల దొండకాయలు, కిలో 50 చొప్పున 250 రూపాయలు. నూనె 120. పల్లీలు, వెల్లుల్లి, కారం, కరివేపాకు 60. గ్యాస్ 50. కవర్లు, రబ్బరు బ్యాండ్లు 45. మొత్తం 525. తొడిమలు కోసి, పండినవి ఏరి పారేసి, వేయించి దించాక తూకం వేయండి. అయిదు కిలోలు కాస్తా మూడు కిలోలకు దిగిందనుకుందాం. వంద గ్రాముల ప్యాకెట్లు ముప్పై వస్తాయి. ప్యాకెట్‌కు ఖర్చు పదిహేడున్నర. అమ్మేది 30కి. పన్నెండున్నర మిగులు! ఇక్కడే చాలామంది నోటుబుక్కు మూసేస్తారు.

మూయకండి. షాపు అద్దె నెలకు 12,000 అంటే రోజుకు 400. కూరలు తరిగి గిన్నెలు తోమే మనిషికి 400. కరెంటుకు 50. ఇక మీ కూలి. "మేమే కదా చేసుకునేది, కూలేంటి సార్" అంటారు. పొద్దున అయిదు నుంచి రాత్రి పదిన్నర దాకా మీరు ఇంకెవరి దగ్గరైనా పనిచేస్తే ఊరికే చేస్తారా? కనీసం 600 రాయండి. మొత్తం 1,450. ప్యాకెట్‌కు పన్నెండున్నర చొప్పున ఈ 1,450 రావాలంటే రోజుకు 116 ప్యాకెట్లు పోవాలి, అప్పటికి లాభం ఇంకా సున్నా.

అదీ వండిన ప్రతి ప్యాకెట్టూ అమ్ముడుపోతేనే. పదింటిలో ఒకటి మిగిలిపోయిందనుకోండి. పది వండితే తొమ్మిదికే డబ్బు వస్తుంది, అంటే వండిన ఒక్కో ప్యాకెట్ మీద వచ్చేది 27, ఖర్చు మాత్రం అదే పదిహేడున్నర. మిగులు తొమ్మిదిన్నరకు పడిపోయింది. ఇప్పుడు 153 ప్యాకెట్లు వండి, 138 అమ్మితే అప్పుడు సరికి సరి. పన్నెండున్నర కాస్తా తొమ్మిదిన్నర అయ్యేసరికి రోజుకు ఇరవై రెండు ప్యాకెట్లు ఎక్కువ అమ్మాల్సి వచ్చింది చూశారా. అందుకే ఈ వ్యాపారంలో రుచి తెలిసినవాళ్లకంటే ఎంత వండాలో తెలిసినవాళ్లు ఎక్కువ రోజులు నిలుస్తారని నా నమ్మకం.

ఇప్పుడు వీధిలో గీసిన గీతల దగ్గరికి వెళ్లండి. మనిషికి రెండు ప్యాకెట్లు అనుకుంటే 138కి దాదాపు డెబ్బై మంది రావాలి. మీరు లెక్కపెట్టిన షాపుకు ఎంతమంది వచ్చారు? తొంభై మంది అయితే, అందులోంచి డెబ్బై మంది ఆ షాపు వదిలి మీ దగ్గరికి ఎందుకొస్తారు? ఈ ప్రశ్నకు జవాబు లేకపోతే ఐడియా వాక్యం మళ్లీ రాయాలి. వేరే చోటో, వేరే వేళో, వేరే తిండో.

6. అయిదు వేలతో అమ్మి చూడండి

షాపు లేకుండా, ఇంటి నుంచే, రెండు వారాలు. తిండి వస్తువు కాబట్టి ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకోండి. చిన్న వ్యాపారులకు ఫీజు ఏడాదికి వంద రూపాయలు. ఇంటి గ్యాస్ సిలిండర్‌తో వ్యాపారం చేయకూడదు, కమర్షియల్ సిలిండరే వాడాలి. ప్యాకెట్ ఖర్చు లెక్కలో ఆ ధరే వేయండి.

రెండు వారాల్లో మీరు చూడాల్సింది ఒక్కటే అంకె: ముక్కూమొహం తెలియనివాళ్లలో రెండోసారి వచ్చి కొన్నది ఎంతమంది. అక్కచెల్లెళ్లు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు, ఆఫీసు ఫ్రెండ్స్ కొన్నవి వేరే పేజీలో రాయండి, కూడిక‌లో కలపొద్దు. మొదటిసారి కొనడానికి మీ మీద అభిమానం చాలు, రెండోసారి కొనాలంటే కూర బాగుండాలి.

మొదలుపెట్టకముందే ఒక గీత గీసుకోండి: "పద్నాలుగో రోజుకు తెలియనివాళ్లు పదిహేను మంది మళ్లీ రాకపోతే ఈ రూపంలో దీన్ని ఆపేస్తాను." ఈ వాక్యం రాసి సంతకం పెట్టి ఇంట్లో ఎవరికైనా ఇవ్వండి. పదమూడో రోజున మనసు వంద సాకులు వెతుకుతుంది, కాగితం మాత్రం మాట మార్చదు.

7. అప్పు, సబ్సిడీ: ఇది చివర్లోనే

చిన్న వ్యాపారాలు కేంద్ర ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అవుతుంది. దీనికి రెండు వేలు అడిగేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, ఇవ్వొద్దు. చిన్న వ్యాపారాలకు తాకట్టు లేకుండా బ్యాంకులిచ్చే ముద్రా రుణం శిశు విభాగంలో 50 వేల దాకా, కిశోర్‌లో 5 లక్షల దాకా, తరుణ్‌లో 10 లక్షల దాకా. జీఎస్టీ మాటకొస్తే, వండి అమ్మే తిండి సేవ కింద లెక్క, ఏడాదికి అమ్మకం 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్. పైన వేసిన లెక్కన మీ అమ్మకం దాదాపు 15 లక్షలే ఉంటుంది.

బ్యాంకు అప్పుతో పెట్టే యూనిట్లకు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం పీఎంఈజీపీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే "35 శాతం సబ్సిడీ అట" అన్న మాట విని వ్యాపారం వెతుక్కునేవాళ్లు చాలామంది. ఆ 35 శాతం పల్లెల్లో మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ తదితర వర్గాలకు. పట్నంలో అయితే వాళ్లకు 25. జనరల్ కేటగిరీకి పల్లెలో 25, పట్నంలో 15. ఆ డబ్బు మీ చేతికి రాదు. మీ పేరు మీద బ్యాంకులో మూడేళ్లు డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తుంటే ఆ తర్వాత అప్పులో జమ అవుతుంది. మధ్యలో షట్టర్ దించేస్తే అప్పు మీది, సబ్సిడీ సర్కారుది. ఇంకో సంగతి, పైన చెప్పిన శాతాలు కొత్త యూనిట్లకే. దీనికి పోదామనుకుంటే షాపు తెరిచాక కాదు, తెరవకముందే దరఖాస్తు పెట్టాలి. నిబంధనలు మారుతుంటాయి, జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఒకసారి కనుక్కుని వెళ్లండి.

మిమ్మల్నే ఎవరైనా సలహా అడిగితే

మీ చెల్లెలో, సంఘంలో తోటి సభ్యురాలో వచ్చి "ఇది పెడదామనుకుంటున్నా, ఎలా ఉంటుంది?" అంటే, బాగుంటుందనీ బాగుండదనీ అనకండి. రెండూ ఊహలే. "నోటుబుక్కు చూపించు" అనండి. వాళ్ల లెక్క మీరు వేసి పెట్టొద్దు, తప్పు కనిపించినా వెంటనే దిద్దొద్దు. "ఇందులో నీ కూలి ఎక్కడుంది?" అని అడిగి ఊరుకోండి. లెక్క వాళ్ల చేత్తో తిరగబడితేనే వాళ్లకు నమ్మకం కుదురుతుంది.

అలా లెక్క తిరగబడ్డ ఒకావిడ ఉన్నారు. కర్రీ పాయింట్ కోసమే వచ్చారు. మూడు సాయంత్రాలు టీ కొట్టు దగ్గర కూర్చుని గీతలు గీశారు, ప్యాకెట్ లెక్క వేశారు, డెబ్బై మంది దొరకరని తనకే తేలింది. కానీ నాలుగో రోజు ఎందుకో పొద్దున పూట వెళ్లారట. ఆ కర్రీ పాయింట్ ఓనరు గడప మీద కూర్చుని, తరిగే మనిషి రాలేదని తిట్టుకుంటూ వెల్లుల్లి ఒలుస్తున్నాడు. ఈవిడ అడిగారు: "అన్నా, ఒలిచి తెచ్చిస్తే కిలోకు ఎంతిస్తావు?" ఇప్పుడు ఆవిడ ఇంట్లో నలుగురు ఆడవాళ్లు తెల్లారకముందే దొండకాయలు తరుగుతారు, వెల్లుల్లి ఒలుస్తారు. పదకొండు కర్రీ పాయింట్లకు ఏడున్నరకల్లా సంచులు చేరతాయి. అన్నట్టు, బాకీ అడిగి తెచ్చుకునే పరీక్షలో మా బ్యాచ్‌లో నెగ్గింది ఆవిడ ఒక్కతే, అదీ సొంత ఆడపడుచు దగ్గర.